మగవాళ్లకు రాని జబ్బు

ఆ మరకను మొదట చూసింది నేను కాదు, నా భార్య.

ఒక ఆదివారం పొద్దున వరండాలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాను. పెరట్లో బట్టలుతుకుతూ ఆమె నా బనీను పట్టుకుని తడిచేతులతోనే వచ్చింది. ఎడమవైపు రొమ్ము తగిలేచోట చింతగింజంత మరక, గోధుమరంగులోకి తిరిగిన ఎరుపు.

"ఏందయ్యా ఇది? సబ్బుకు పోవట్లా."

"గేటు తుప్పయి ఉంటది" అన్నాను.

అప్పటికి నేను నిజమే చెప్పాననుకున్నాను. ఎనభైల మొదట్లో విజయపురి సౌత్‌లో ఉండేవాళ్లం. కుడికాలువ మీద నేను వర్క్ ఇన్‌స్పెక్టరుని. పొద్దున్నే సైకిలెక్కి కాలువగట్టు మీద పోవడం, తూముల దగ్గర గేట్లు చూడటం, కాలువ లోపలి సిమెంటు లైనింగు ఎక్కడ పగిలిందో, ఎక్కడ నీళ్లు ఊరుతున్నాయో రాసుకొచ్చి ఆఫీసులో ఇవ్వడం నా పని. తుప్పు, గ్రీజు, బురద అంటని బట్ట నాకు ఉండేది కాదు.

మాకు పెళ్లయి పద్దెనిమిదేళ్లు. పిల్లలు లేరు. ఆమె తిరగని డాక్టరు లేడు, మొక్కని కొండ లేదు. నన్ను కూడా ఒకసారి పరీక్ష చేయించుకోమని మాచర్లలో ఒక డాక్టరమ్మ చెప్పింది. రేపు, మాపు అంటూ నేను వెళ్లలేదు. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. బయట మాత్రం లోపమంతా ఆమెదే అన్నట్టు మాట్లాడేవాళ్లు. ఆమె వింటూ ఊరుకునేది. నేనూ ఊరుకునేవాణ్ణి.

పదిరోజుల తర్వాత స్నానం చేస్తుండగా ఎడమ చనుమొన మీద ఒక చుక్క కనిపించింది. తుడిచాను. కొంచెం నొక్కి చూశాను. మళ్లీ చుక్క, నల్లటి ఎరుపు. నొప్పి లేదు. మంట లేదు. గడ్డ ఏదైనా ఉందేమోనని వేళ్లతో తడిమాను. చనుమొన వెనక చిన్న దళసరితనం తప్ప ఏమీ తగల్లేదు. సబ్బునురుగులో ఆ ఎరుపు కరిగి పోతుంటే చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

మాచర్లలో ఒక ఆరెంపీ ఉండేవాడు. జ్వరమొచ్చినా, చెయ్యి బెణికినా మా ఆఫీసువాళ్లందరం అతని దగ్గరికే వెళ్లేవాళ్లం. నేను వెళ్లేసరికి బల్ల మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. చొక్కా గుండీ విప్పి మెల్లిగా చెప్పాను. అతను మెల్లిగా మాట్లాడే మనిషి కాదు.

"పాలిచ్చే తల్లయితే ఏదన్నా చెబుదును గానీ, నీకేందయ్యా అక్కడ? గోక్కున్నావా ఏంది?"

బల్ల మీదవాళ్లు నవ్వారు. "ఇన్‌స్పెక్టరుగారికి పాలు పడుతున్నయ్యేమో చూడు" అన్నాడొకడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా అంటారని నవ్వాను. పూత మందు రాసిచ్చాడు. మళ్లీ అటువైపు పోలేదు.

ఆ నవ్వు మాత్రం నాతోపాటు ఇంటికి వచ్చింది. పిల్లలు లేని మగవాడి గురించి వెనకాల ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియనిది కాదు. దానికి తోడు ఆడవాళ్లకొచ్చే జబ్బు కూడా వచ్చిందని తెలిస్తే, కాలువ మీద కూలీల ముందు ఎట్లా నిలబడాలి? ఇప్పుడు చెప్పుకుంటే ఇంత చిన్న సంగతికా అనిపిస్తుంది. అప్పుడది చిన్నది కాదు.

నా బనీన్లు నేనే ఉతుక్కోవడం మొదలుపెట్టాను. స్నానానికి వెళ్లినప్పుడు లోపలే ఉతికి, పిండి, చొక్కా కింద దాచి ఆరేసేవాణ్ణి. పద్దెనిమిదేళ్లలో ఒక్క చేతిరుమాలు కూడా ఉతుక్కోని మనిషిని. ఆమె రెండు మూడు రోజులు చూసి, "నేనుతికితే తెల్లగా రావట్లేదా?" అంది. "నీకెందుకు శ్రమ" అన్నాను. ఆమె నా మొహంలోకి అదోలా చూసింది.

ఒకరోజు నేను కాలువ మీదనుంచి వచ్చేసరికి ఆమె మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో నా బనీను. తొందరలో ఉతకకుండా పరుపు కిందకి తోసి వెళ్లినది. మరక ఎండి ఎర్రగా, గుండ్రంగా ఉంది. బొట్టుబిళ్లంత.

"ఎవరిదయ్యా ఈ కుంకుమ?"

నాకు ముందు అర్థం కాలేదు.

"నిన్నే అడిగేది. నీ రొమ్ము మీద తలపెట్టుకున్నది ఎవరు?"

నేను సైకిలు తాళంచెవి మేకుకు తగిలించాను.

"పిల్లల కోసమేనా?" అంది. ఆ మాట అనేటప్పుడు గొంతు తగ్గింది. "అట్టయితే చేసుకో. నేను అడ్డం రాను. కాకపోతే నాతో చెప్పి చేసుకో. దొంగచాటుగా బనీన్లు ఉతుక్కునే బతుకు నీకొద్దు, చూసే బతుకు నాకొద్దు."

ఒక్క మాట చాలు. చొక్కా విప్పి చూపిస్తే చాలు. నోరు తెరవబోయాను కూడా. ఆరెంపీ బల్ల మీది నవ్వు చెవుల్లో వినిపించింది. ఆ క్షణాన నాకు తోచిందేమిటంటే, ఇంకో ఆడది ఉందనుకుంటే కనీసం మగవాడిననైనా అనుకుంటుంది. అంత నీచంగా ఆలోచించానని రాయడానికి ఇప్పుడు కూడా చెయ్యి వెనక్కిపోతోంది. కానీ అదే అనుకున్నాను. తల దించుకుని నిలబడ్డాను. తల దించుకోవడం ఒప్పుకోవడమేనని ఆమె అనుకుంది.

మర్నాడు పొద్దుటి బస్సుకు గురజాల వెళ్లిపోయింది. అక్కడ వాళ్లమ్మ, అన్న, వదిన ఉంటారు. సంచిలో నాలుగు చీరలు పెట్టుకుంది. ఏడవలేదు. పాలవాడికి రేపటినుంచి అరలీటరు చాలని చెప్పి మరీ బస్సెక్కింది.

ఆ తర్వాత రెండు నెలలు ఆ రెండు గదుల ఇంట్లో నేను ఒక్కణ్ణే ఉన్నాను. అన్నం ఒకపూట వండి రెండు పూటలా తినేవాణ్ణి. ఆఫీసులో ఎవరైనా అడిగితే, వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేదు, వెళ్లింది అనేవాణ్ణి. సాయంత్రాలు డ్యామువైపు నడిచి వెళ్లి, బస్సులు దిగి నీళ్లు చూడటానికొచ్చే కుటుంబాలను చూసి వెనక్కి వచ్చేవాణ్ణి. ఇంట్లో మాట్లాడేవాళ్లు లేక ఒక్కోరోజు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. గట్టు మీద కూలీని పిలిస్తే బొంగురుగా వచ్చేది.

చుక్క ఆగలేదు. దూది మడిచి పెట్టుకుని తిరిగేవాణ్ణి. ఒక వారపత్రికలో డాక్టరు సలహాల శీర్షిక వచ్చేది. అందులో ఒకసారి, రొమ్మునుంచి నెత్తురు కారితే నిర్లక్ష్యం చేయవద్దు, వెంటనే పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి అని స్త్రీలను ఉద్దేశించి రాశారు. పత్రికను మడిచి పెట్టెలో దాచుకున్నాను. మగవాళ్లు అన్న మాట ఎక్కడైనా ఉంటుందేమోనని పదిసార్లు చదివాను. లేదు. అయినా వెంటనే అన్న మాట ఉంది కదా. ఒక బుధవారం సెలవు పెట్టి మాచర్లలో గుంటూరు బండెక్కాను.

అప్పటి చిన్నపట్టాల బండి అది. ప్రతి ఊళ్లో ఆగేది. గురజాల వచ్చేసరికి కిటికీ దగ్గరనుంచి లేచి లోపలికి జరిగి కూర్చున్నాను, మా బావమరిది వాళ్లెవరి కంటనైనా పడతానేమోనని. అక్కడే ఒకామె ఎక్కి, నేను ఖాళీ చేసిన చోటులో కూర్చుంది. ముప్పై ఐదేళ్లుంటాయి. చేతులు రాతిపని చేతులు. గోళ్ల సందుల్లో నాపరాయి బూడిద. అంతకుమించి ఆమెను అప్పుడు గమనించలేదు.

గుంటూరు పెద్దాసుపత్రిలో సర్జన్‌గారు రొమ్ము జబ్బులు చూసే రోజు అది. వరండా పొడుగునా బల్లలు, బల్లలనిండా ఆడవాళ్లు. మగవాళ్లు ఉన్నా తోడొచ్చినవాళ్లే, దూరంగా చెట్టుకింద బీడీలు కాల్చుకుంటున్నారు. నేను చీటీ పట్టుకుని బల్ల చివర కూర్చున్నాను. పక్కన చూస్తే బండిలో ఎక్కిన రాతిపనామె.

"మీ ఇంటామె ఏదీ అన్నా?" అని అడిగింది.

"లోపలికెళ్లింది" అన్నాను.

అరగంట గడిచింది. నర్సు బయటికొచ్చి నా పేరు పిలిచింది. నేను లేచాను. నర్సు చీటీ వంక, నా వంక చూసి, "పేషెంటు ఎవరు?" అంది.

"నేనే."

వరండా అంతా నా వైపు తిరిగింది. ఒక్కరు కూడా నవ్వలేదు. అది నేను అనుకోనిది. రాతిపనామె మాత్రం కళ్లు పెద్దవి చేసుకుని, "అయ్యో అన్నా" అంది.

సర్జన్‌గారు పెద్దవయసు మనిషి. తక్కువ మాట్లాడతారు. నేను సిగ్గుపడుతూ చొక్కా విప్పుతుంటే, "మగవాళ్లకూ రొమ్ము ఉంటుందండీ. చిన్నది, అంతే. ఉన్నచోట జబ్బు రావచ్చు" అన్నారు. ఎన్ని రోజులనుంచి, రెండువైపులా ఉందా, ఒకవైపేనా, దెబ్బ తగిలిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగారు. మా అమ్మ చెల్లెలు రొమ్ము పుండుతో పోయిందని అప్పుడు గుర్తొచ్చింది. చంకలు తడిమి చూశారు. ఆ తర్వాత చనుమొన చుట్టూ గడియారం ముల్లు తిరిగినట్టు ఒక్కొక్క చోటే వేలితో నొక్కుతూ వచ్చారు. ఎక్కడా ఏమీ లేదు. ఒక్కచోట నొక్కేసరికి చుక్క పైకి వచ్చింది. మరో చోట నొక్కితే రాలేదు. మళ్లీ ఆ మొదటిచోటే నొక్కారు, మళ్లీ వచ్చింది.

"ఒకే పాలగొట్టంలోంచి వస్తోంది" అన్నారు నర్సుతో.

ఆ చుక్కను గాజుపలక మీదకి తీసుకున్నారు. ఛాతీకి ఎక్స్‌రే తీయించారు. వచ్చే బుధవారం రమ్మన్నారు.

తిరుగు బండిలో రాతిపనామె నా ఎదురుగా కూర్చుంది. ఆమెకూ అదే: కుడివైపు, ఒక్కచోటునుంచే నెత్తురు చుక్క. ఆమెదీ గాజుపలక మీదకి తీశారు. భర్త లారీతో రాయి ఎక్కించుకుని పోయాడట, వచ్చేసరికి వారమవుతుందట. తనే చీటీ రాయించుకుని ఒక్కతే వచ్చింది.

"నీకు భయమెయ్యట్లేదా?" అన్నాను.

"ఏస్తంది. ఏస్తే ఏం జేస్తాం. నీ ఇంటామెకు చెప్పలేదా?"

ఇంత బతుకులో ఎవరికీ చెప్పని సంగతి, పేరు కూడా తెలియని మనిషికి సత్తెనపల్లి దాటేలోగా అంతా చెప్పాను. కుంకుమ దగ్గరికి వచ్చేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి, నవ్వి, ఆగి, నా వంక చూసింది. ఆ చూపులో నవ్వు లేదు.

"ఆ తల్లి అక్కడ కుమిలిపోతా ఉంటే నువ్వు ఇక్కడ నోరు మూసుకుని కూసున్నావా? ఏం మనిషివన్నా నువ్వు?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. బెల్లంకొండ దాటాక మిరప చేలు ఎర్రగా ఉన్నాయి.

గాజుపలకలో అనుమానంగా ఉందని ఇద్దరికీ చెప్పారు. ముక్క తీసి చూడాలన్నారు. ఆ తర్వాతి వారం ఒకేరోజు ఇద్దరికీ తీశారు, ఆమెకు ఆడవాళ్ల వార్డులో, నాకు మగవాళ్ల వార్డులో. రిపోర్టు రావడానికి పదిహేనురోజులు పట్టింది. ఆ పదిహేనురోజులూ నేను కాలువ మీద పని మానలేదు. లెక్కలు రాసేటప్పుడు ఒకే మైలురాయి దగ్గర రెండుసార్లు రాశానని మా ఇంజనీరు ఒకసారి పిలిచి అడిగారు. పొరపాటు అన్నాను.

ఆమె రిపోర్టులో చెడ్డది ఏమీ లేదు. గొట్టంలో చిన్న పులిపిరిలాంటిది పెరిగింది, తీసేశాం, అయిపోయింది అన్నారు. ఆమె రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

నన్ను కూర్చోమన్నారు. కూర్చోమనడంతోనే నాకు తెలిసింది.

"కేన్సరేనా సార్?"

సర్జన్‌గారు కాగితం దగ్గరికి లాక్కుని, "మీరేం పని చేస్తారు?" అన్నారు. చెప్పాను. కాగితం మీద ఒక గొట్టం గీశారు. లోపలివైపు గోడను అంటుకుని చుక్కలు పెట్టారు.

"కాలువ లైనింగు అనుకోండి. చెడ్డ కణాలు లోపల పేరుకున్నాయి. గోడ మాత్రం పగల్లేదు. చుట్టుపక్కల కండలోకి గానీ, నెత్తుట్లోకి గానీ పోలేదు, మేం చూసినంతవరకూ. దీన్ని కేన్సర్ అనేవాళ్లున్నారు, కేన్సర్ ముందుమెట్టు అనేవాళ్లున్నారు. పేరు ఏదైనా చేయాల్సిన పని ఒకటే."

"అట్టాగే వదిలేస్తే?"

"అందరికీ గోడ పగలదు. మీకు పగులుతుందా లేదా అన్నది నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. పగిలాక మీరు నా దగ్గరికొస్తే మాత్రం ఇంత నిదానంగా మాట్లాడను. చనుమొనతో సహా ఆ రొమ్ము మొత్తం తీసేద్దాం. మగవాళ్లకు కొంచెం మిగిల్చే చోటు కూడా ఉండదు."

ఊరుతున్న చోటు దొరికితే గట్టు తెగకముందే కప్పెయ్యాలని నేను కూలీలకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో. తల ఊపాను. ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టడానికి ఇంటివాళ్లెవరినైనా తీసుకురమ్మన్నారు.

"ఎవరూ లేరు సార్."

"భార్య?"

నేను నేల చూస్తున్నాను. ఆసుపత్రిలో చేరవలసిన రోజు వచ్చేసరికి కూడా నా వెంట ఎవరూ లేరు. కుట్లు చూపించుకోవడానికి రాతిపనామె ఆరోజే వచ్చింది. వార్డు గుమస్తా నాతో గొడవపడుతుంటే విని, తలుపు దగ్గరనుంచి లోపలికి వచ్చింది.

"ఏడ ఎయ్యాలి చెప్పయ్యా. మా అన్న అని రాసుకో."

బొటనవేలు చాచింది. గుమస్తా మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, సిరా పూశాడు. నాపరాయికి అరిగిపోయిన వేలు. గీతలు సరిగా పడలేదని రెండోసారి వేయించాడు. ఆమె కొంగుతో వేలు తుడుచుకుని, "గురజాలలో మీ అత్తగారిల్లు ఏ బజారన్నా?" అని ఊరికే అడిగినట్టు అడిగింది. నేనూ ఊరికే చెప్పాను.

మర్నాడు ఆపరేషన్ చేశారు. మెలకువ వచ్చేసరికి ఎడమవైపంతా బిగించి కట్టిన కట్టు, పక్కనుంచి ఒక రబ్బరు గొట్టం. ఎదుటి మంచం మీద వరిబీజం ఆపరేషనాయన, కుడిపక్కన కాలు విరిగిన లారీ డ్రైవరు.

"నీకేం ఆపరేషనయ్యా?"

"గడ్డ."

"ఎక్కడ?"

"ఛాతీ మీద."

వాళ్లకు మనుషులు వచ్చేవాళ్లు. సజ్జరొట్టెలు, పచ్చడి, పిల్లల అరుపులు. లారీ డ్రైవరు భార్య రెండో రోజు నాకూ ఒక గ్లాసు మజ్జిగ పోసి, "ఎవరూ రాలేదా మీకు?" అంది. వస్తారని చెప్పాను. గోడవైపు తిరిగి పడుకోవాలనుకుంటే గోడ ఎడమవైపు ఉంది. ఆ వైపు తిరగలేను. వెల్లకిలా పడుకుని ఫ్యాను చూస్తూ ఉండేవాణ్ణి.

మూడోరోజు పొద్దున కళ్లు తెరిచేసరికి నా భార్య మంచం కాళ్లవైపు నిలబడి ఉంది. చేతిలో సంచి. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటినుంచి నిలబడిందో తెలియదు. ఏమీ అనకుండా దగ్గరికి వచ్చి దుప్పటి తీసి కట్టు చూసింది. గొట్టం చూసింది. దుప్పటి మళ్లీ కప్పింది.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

స్టూలు లాక్కుని కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది. నిన్న సాయంత్రం వాకిట్లో బియ్యం చెరుగుతుంటే ఒకామె వచ్చి నిలబడిందట. ఫలానా కాలువ ఇన్‌స్పెక్టరుగారి భార్యవు నువ్వేనా అని అడిగిందట. నా భార్య చేట కింద పెట్టి లేచి, "నువ్వేనా అది?" అందట.

"ఏమందో తెలుసా? నేనే గానీ, నువ్వనుకునే నేను గాదమ్మా అంది. నాకూ మీ ఆయనకూ ఒకటే జబ్బు, నాది పోయింది, ఆయనకు కోశారు, మనిషి ఒక్కడే పడున్నాడు అంది. నాకు నమ్మకం రాలా. గదిలోకి తీసుకుపోయి రవిక విప్పి కుట్లు చూపించింది. అప్పుడు నమ్మా."

నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. ఇవ్వలేదు, లాక్కోనూ లేదు. సంచిలోంచి గ్లాసు తీస్తూ అంది:

"జబ్బు సంగతి చెప్పలేదు. భయమేసింది, సిగ్గేసింది, సరే. నేను కుంకుమ ఎవరిదని అడిగినప్పుడు కాదు అనొచ్చుగా? ఇంకేం చెప్పకపోయినా సరే, కాదు అన్న ఒక్క మాట. రెండు నెలల పదిరోజులు మా వదిన ముందు నేను ఎట్టా బతికానో నీకు తెలుసా?"

లారీ డ్రైవరు అటు తిరిగి నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకున్నాడు. ఆమె అందించిన నీళ్లు తాగాను.

కుట్లు విప్పాక ఇద్దరం కలిసి విజయపురి సౌత్ వచ్చాం. తీసిన ముక్క మొత్తం పరీక్ష చేశారు, గోడ ఎక్కడా పగల్లేదు, అంచులు శుభ్రంగా ఉన్నాయి, ఇక మందులు, రేడియేషన్ కరెంటు పెట్టడం ఏమీ అక్కర్లేదని రిపోర్టు వచ్చింది. చెయ్యి బిగుసుకుపోకుండా గోడ మీద వేళ్లు పాకించమని చెప్పారు. ఎంత ఎత్తుకు వేళ్లు పోయాయో ఆమె రోజూ సుద్దముక్కతో గీత పెట్టేది. గీతలు నా భుజం దగ్గరనుంచి నెల తిరిగేసరికి తలుపు పైకమ్మీ దాకా వెళ్లాయి. వేళకు అన్నం, వేళకు వేడినీళ్లు. ఏ లోటూ చేయలేదు.

కానీ నన్ను ఏమీ అడగడం మానేసింది. ఎక్కడికి పోతున్నావు, ఎప్పుడొస్తావు, ఎందుకు ఆలస్యమైంది అన్న మాటలు మా ఇంట్లో వినపడకుండా పోయాయి. కోపం కాదది. కోపమైతే నాకు తెలిసేది. అడిగితే నిజం చెబుతాడన్న నమ్మకం పోయిన మనిషి ఇంక ఎందుకు అడుగుతుంది? ఒకే గదిలో ఇద్దరం ఉండి, ఆ రెండు నెలల ఒంటరితనంలాంటిదే నాకు చాలా ఏళ్లు నడిచింది.

మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి గుంటూరు వెళ్లి చూపించుకునేవాణ్ణి. సర్జన్‌గారు కుట్టు మీద వేళ్లు నడిపి, రెండోవైపు నొక్కి చూసి, చంకలు తడిమి, సరే అనేవారు. ఐదేళ్లయ్యాక ఒకసారి, "నేను రిటైరవుతున్నాను. ఏడాదికోసారి ఎవరికైనా చూపించుకోండి. మీకిక నాతో పనిలేదు" అన్నారు. చేతులు జోడించి బయటికొచ్చాను.

ఆరోజే తిరుగు ప్రయాణంలో నడికుడిలో బండి చాలాసేపు ఆగింది. ఎదురుబండికి దారి ఇవ్వాలి. టీ కోసం దిగితే మా ఆఫీసువాళ్లు ఇద్దరు ప్లాట్‌ఫారం మీద కలిశారు. ముగ్గురం నిలబడి టీ తాగుతున్నాం. పట్టాల అవతలినుంచి మూటలు, పారలు, సుత్తులు మోసుకుంటూ రాతిపని కూలీలు ఒక గుంపుగా వస్తున్నారు. అందులోంచి ఒకామె గబగబా నా వైపు వచ్చింది. నవ్వుతోంది. ఆసుపత్రి రోజుల తర్వాత ఆమెను చూడటం అదే మొదలు.

"అన్నా! బాగుండావా అన్నా? అది మళ్లీ రాలేదుగా?" అంటూ తన రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపించింది.

మా ఆఫీసువాళ్లిద్దరూ ఆమె చేతి వంక, నా వంక చూశారు. "ఎవరు?" అన్నాడొకడు, పెదవి చివర నవ్వు పెట్టుకుని.

"ఏమో. నన్ను చూసి ఎవరనుకుందో" అన్నాను.

ఆమె విన్నది. చెయ్యి కిందికి దిగింది. నా వంక ఒక్క క్షణం చూసి, వాళ్లిద్దరి వంక చూసి, అంతా అర్థమైనట్టు తల ఊపింది.

"పొరపాటు పడ్డానయ్యా. మా ఊరాయన అనుకున్నా" అంది.

అన్నా అన్న మనిషి అయ్యా అంది. మూట సర్దుకుని గుంపులో కలిసిపోయింది. బండి కూత వేస్తే ఎక్కాను. మాచర్ల దాకా మా వాళ్లు ఏదో మాట్లాడుతూనే ఉన్నారు. ఒక్క ముక్క నా తలకెక్కలేదు.

ఇంటికొచ్చి నా భార్యకు రెండూ చెప్పాను: ఇక గుంటూరు రానక్కర్లేదన్నారని, నడికుడిలో ఇట్లా జరిగిందని. అడగకుండా నా అంతట నేను ఆమెకు ఒక సంగతి చెప్పడం బహుశా అదే మొదటిసారి. మొదటి మాటకు ఆమె దండం పెట్టుకుంది. రెండోది విని చేతిలో పని పక్కన పెట్టింది.

"నాకు చేసిందే ఆమెకూ చేశావు" అంది.

"అవును" అన్నాను.

ఆ వచ్చిన ఆదివారం ఇద్దరం గురజాల వెళ్లి, అక్కడినుంచి రాతిపనామె అప్పట్లో బండిలో చెప్పిన నాపరాయి క్వారీ దాకా నడిచాం. పని ఆగిపోయి ఉంది. గుంతలో నీళ్లు నిలిచి ఉన్నాయి. పాకలు నాలుగు మిగిలాయి, మూడు ఖాళీ. నాలుగో దాంట్లో ఒక ముసలామె ఉంది. రాయి అయిపోయిందని మేస్త్రీ అందర్నీ కర్నూలు వైపు తోలుకుపోయాడని, ఏ ఊరో తనకు తెలియదని చెప్పింది. "మీకేమవుద్ది ఆ పిల్ల?" అని అడిగింది. నేను తడబడుతుంటే, "మా ఆడబిడ్డ" అంది నా భార్య.

మా అడ్రసు కాగితం మీద రాసి, వస్తే ఇవ్వమని ముసలామెకు ఇచ్చాం. ఉత్తరం రాలేదు. ఆమెకు చదువు రాదు, ఎవరితోనైనా రాయిస్తుందేమోనని కొన్నాళ్లు చూశాను. తర్వాత నన్ను వినుకొండ వైపు బదిలీ చేశారు. రాతిపని కూలీలు రోడ్డుపక్క కనిపించినప్పుడల్లా సైకిలు నెమ్మది చేసి ఆడవాళ్ల మొహాలు చూసేవాణ్ణి. వాళ్లు కొంగు సర్దుకుని అటు తిరిగేవాళ్లు. పరాయి మగవాడు అట్లా చూస్తే ఎవరైనా అంతే చేస్తారు. దిగి, ఎందుకు చూస్తున్నానో చెప్పే ధైర్యం నాకు అప్పటికీ రాలేదు.